పగటి కరెంటు

గాజులు నిలబడి వేయించుకునే ఆడమనిషి ఇంతవరకు నాకు తారసపడలేదు. కూర్చోవాలి. చెయ్యి నా ఒళ్లో పెట్టి వేళ్లు వదులుగా వదిలెయ్యాలి, పక్కనున్న దానితో ముచ్చట పెట్టాలి. ఆ ముచ్చట్లో పడి చెయ్యి మెత్తబడ్డప్పుడే గాజు పిడికిలి దాటుతుంది. నెత్తి మాడుతుంటే ముచ్చట సాగదు, చెయ్యి మెత్తబడదు, గాజు చిట్లుతుంది. ఇంత చిన్న సంగతి మా ఆయనకు ఎక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

రామన్నపేటలో మాకొక కంగన్‌హాల్ ఉండేది. గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్లలు, గోళ్లరంగులు. కిరాయి మడిగె. ఓనరు కొడుకు అదే జాగాలో సెల్‌ఫోన్ల షాపు పెట్టుకుంటానంటే ఖాళీ చేశాం. మా ఆయన అప్పట్లో ఒక ప్రైవేటు బడిలో మినీబస్సు డ్రైవరు. బడివాళ్లు కొత్త బస్సు కొనుక్కుని పాతదాన్ని మూలకు నెడితే, దాన్ని ఈయన అగ్గువకు కొని, కొలువు మానేసి, తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. సీట్లు పీకేశాడు. ఒక పక్క గాజుల పెట్టెలకు అరలు, వెనకాల ఇద్దరం పడుకునేంత మంచం, డ్రైవరు సీటు వెనక గ్యాస్ పొయ్యి. నల్గొండ, పాలమూరు వైపు జాతర లేని నెల ఉండదు. జాతర నుంచి జాతరకు తిరుగుదాం, అక్కడే అమ్ముదాం, బండిలోనే పడుకుందాం అన్నాడు. మా వాడకట్టు ఆడవాళ్లకు నవ్వుకోవడానికి మంచి ముచ్చట దొరికింది. "ఏందే, హీరోయిన్ లెక్క క్యారవాన్ల తిరుగుతవా ఇగ" అన్నారు. నేనూ ఊరుకోలేదు, "అవు, నా మేకప్ మీరే చెయ్యుర్రి" అన్నాను.

తీరా మొదటి జాతరకు పోయాక తెలిసింది మా క్యారవాన్ భాగోతం. లోపల ఉడికిపోతుంది, బయట నీడ లేదు. ఆడవాళ్లు వచ్చి, కిటికీకి వేలాడదీసిన గాజులు చూసి, బేరం కూడా చేసి, "జర ఎండ తగ్గినంక వస్తం" అని ఎదుటి షామియానా కిందికి పోయేవాళ్లు. అక్కడే కూర్చుని, అక్కడి గాజులే వేయించుకునేవాళ్లు. నేను ఇటు నుంచి చూస్తూ ఉండాలి. ఇంటికి రాగానే మా ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. చూరు లేకుండా ఇల్లు కడతారా ఎవరైనా, మరి బండికి మాత్రం చూరు ఎందుకు వద్దు అని అడిగాను. ఆయన పళ్లెంలో చెయ్యి కడుక్కుంటూ అంతా విని, మర్నాడు వెల్డింగు షాపుకు పోయాడు.

వెల్డింగతను బస్సు పొడవుకు సరిపడా ఇనుప పైపు ఒకటి, దాన్ని పైకప్పు అంచున పట్టి ఉంచే కొక్కేలు కొన్ని తయారు చేసిచ్చాడు. పైపుకు తాట్‌పత్రి, అదే టార్పాలిన్ పట్టా, చుట్టాలి. బండి ఆగిన చోట తాట్‌పత్రిని ముందుకు లాగి రెండు కర్రల మీద నిలబెడితే చూరు, కదిలే ముందు మళ్లీ చుట్టేస్తే బండి. చెప్పుకుంటే ఇంతే. ఆ కొక్కేలను పైకప్పుకు బిగించడంలోనే ఉంది పనంతా. మాఘమాసంలో పాలమూరు వైపు కొండ జాతర వస్తోంది, ఆలోపు చూరు ఎక్కాల్సిందేనని నేను పట్టుబట్టాను.

మా వాకిట్లో ఆ పని జరగదు. ఒకవైపు మురికికాలువ, ఇంకోవైపు పక్కింటి వాళ్ల ప్రహరీ. "పొలంకాడికి తోలుకపోదాం. బత్తాయి తోట పక్కపొంటి సాఫు జాగా ఉన్నది, నీడ గూడ ఉంటది" అన్నాడు బాపు.

బాపు అంటే మా నాన్న. అమ్మ పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటున్నాడు. మోకాళ్లు ఒడ్డు ఎక్కనివ్వడం లేదని పొలం మా చిన్నమ్మకు అప్పజెప్పి వచ్చాడు. చిన్నమ్మ ఆయన తమ్ముడి భార్య. తన వాటా, మా వాటా కలిపి ఆమే చేసుకుంటుంది. బాపు ఊరికి పోయినా ఏ పెళ్లికో చావుకో పోయి ఊళ్లో నుంచే తిరిగొచ్చేవాడు, పొలం మొహం చూసి చాన్నాళ్లయింది. అయినా పొలం మాట ఎత్తితే చాలు, అంతా తన అరచేతిలో ఉన్నట్టే మాట్లాడతాడు. నాకు ముక్కు మీద కోపం ఎక్కడి నుంచి వచ్చిందని మా ఆయన ఏనాడూ అడగలేదు. బాపును చూశాక అడగాల్సిన పని ఉండదు.

పొద్దున సామాను సర్దుతూ మా ఆయన అడిగాడు. "మామా, మోటరు డబ్బా కాడికెల్లి డ్రిల్లింగ్ మిషన్‌కు వైరు గుంజుకోవచ్చా?"

బాపు నవ్వాడు. "పొలంకాడ పగటీలి కరెంటెక్కడిది అల్లుడా. బ్యాటరీ మిషన్ తెచ్చుకో."

"టీవీల ఇరవై నాలుగ్గంటలు ఇస్తున్నమంటున్నరు గద."

"అంటరు. ఎవలు అనలేదు? మొన్నటోడన్నడు, నిన్నటోడన్నడు. నడి పగటీలి గా లైన్ల కరెంటొస్తే నేను మీసం తీసేస్త."

అప్పటికి ఆ ఇరవై నాలుగు గంటల కరెంటు మాట మొదలై కొద్ది వారాలే అయింది. మేమూ టీవీలో చూశాం, విన్నాం, చానల్ మార్చాం. పట్నంలో ఉండేవాళ్లకు పొలం కరెంటుతో ఏం పని. మా ఆయన మళ్లీ మాట్లాడకుండా పోయి వెల్డింగతని దగ్గర బ్యాటరీ మిషన్ అడుక్కొచ్చాడు. మామ మాటకు అల్లుడు ఎదురు చెప్పడం మా ఇళ్లలో లేదు.

నాకూ బాపు మాట తప్పనిపించలేదు. నేను పుట్టి పెరిగింది ఆ కరెంటులోనే. మా పొలానికి కరెంటు రాత్రిపూట వచ్చేది. పగటి వంతు పడ్డ వారాల్లో కూడా పొద్దున కాసేపు వచ్చి పోయేది, నడి మధ్యాహ్నం వచ్చిన గుర్తు నాకు లేదు. చీకట్లో టార్చిలైట్లు పట్టుకుని ఊళ్లో మగవాళ్లంతా పొలాలకు నడిచేవాళ్లు. ఒడ్డు మీద ఉన్నది తాడో పామో కనపడదు. తడి కాళ్లతో నిలబడి మోటరు డబ్బా ముట్టుకోవాలి. మా కాక అట్లాగే పోయాడు. చిన్నమ్మ భర్త, బాపుకు ఉన్న ఒక్క తమ్ముడు. నిజానికి ఆ రాత్రి వంతు బాపుది. బాపుకు జ్వరం వచ్చి లేవలేకపోతే, "నువ్వు పండుకో అన్నా, నేను పోతా" అని కాక పోయాడు. తెల్లారి చిన్నమ్మ వెతుక్కుంటూ పోయింది.

అప్పుడు నేను ఊరి బళ్లో చదువుతున్నాను. బాపు అందరి ముందు ఏడవలేదు. కానీ ఆ తర్వాత చీకటి పడ్డాక ఇంట్లో ఎవరినీ స్విచ్చు ముట్టుకోనిచ్చేవాడు కాదు. బల్బు తనే వేసేవాడు, తనే ఆర్పేవాడు. నేను పెద్దదాన్నయ్యాక కూడా, చదువుకుని పడుకునేటప్పుడు బాపును లేపి లైటు ఆర్పించుకోవాలి. కరెంటు రాత్రి మనిషిని తింటుంది, పగలు అసలు ఉండదు. తమ్ముణ్ని పోగొట్టుకుని ఆయన నేర్చుకున్నది ఈ రెండు ముక్కలే. మమ్మల్నీ అట్లాగే పెంచాడు.

బండిని తోట పక్క బాటలో పెట్టేసరికి ఎండ బాగా ఎక్కింది. ఒకవైపు బత్తాయి చెట్లు కొమ్మలు చాచి బస్సును ఆనుకుని ఉన్నాయి. రెండోవైపు, తలుపున్న వైపు, బాట వెంబడి పొలాల కరెంటు లైను పోతుంది. ఒక స్తంభం పక్కకు ఒరిగింది, దాంతో అక్కడ తీగలు సడలి కిందికి వేలాడుతున్నాయి. మా ఆయన నిచ్చెన వేసి పైకెక్కి నిలబడ్డాడు. ఎక్కగానే తీగల వైపు చూశాడు.

"మామా, తీగలు జర కిందికున్నయి."

"ఉత్త తీగలే అల్లుడా. ఈ యాళ్లకు బట్టలారేసుకోవచ్చు వాటి మీద."

ఆ మాటకు ముగ్గురం నవ్వాం.

బస్సు పైకప్పు చూడటానికి ఒకే రేకులా ఉంటుంది గాని, కింద అడ్డంగా ఇనుప ఎముకలుంటాయి. బోల్టు ఆ ఎముకలో దిగాలి. ఉత్త రేకులో దిగితే మొదటి గాలిదుమారానికే చూరుతోపాటు రేకూ చిరిగిపోతుంది. మా ఆయన మోకాళ్ల మీద పాక్కుంటూ వేలి కణుపులతో రేకును కొడుతూ పోయాడు. బోలుగా మోగిన చోట రేకు, గట్టిగా పలికిన చోట ఎముక. చాక్‌పీసుతో గుర్తు పెడితే చెమట చేతులకు చెరిగిపోతోంది. నేను లోపలికి పోయి ఎర్ర గోళ్లరంగు సీసా తెచ్చి అందించాను. ఆయన దాంతో చుక్కలు పెట్టుకున్నాడు. బండికి బొట్లు పెట్టినట్టుందని బాపు కింద నుంచి మురిశాడు.

చుక్క మీద బ్యాటరీ మిషన్‌తో బెజ్జం వేయడం, కొక్కెం పెట్టడం, కింద పాత సైకిల్ ట్యూబు ముక్క వేయడం, బోల్టు బిగించడం, చుట్టూ గమ్ము పూయడం. గమ్ము పూయకపోతే వానాకాలంలో మా మంచం మీదే కురుస్తుంది. నాకు కింద నిలబడి ఊరికే చూడటం చేతకాదు.

"ఇగో, అటు మూలకు గమ్ము తక్కువైంది."

"ఆఁ."

"ఇగో, గది వంకరున్నది."

"ఆఁ."

"ఇగో, వింటున్నవా?"

"ఆఁ" అంటాడే గాని తల తిప్పడు. ఆయన్ను నేను పిలిచే పిలుపు 'ఇగో' ఒక్కటే. మా వైపు ఆడవాళ్లు మొగుణ్ని పేరు పెట్టి పిలవరు. పెళ్లైన రోజు అత్తగారి గడప దగ్గర ఆడబిడ్డలు దారికి అడ్డం నిలబడి, పేరు చెబితేనే లోపలికి రానిస్తామని సతాయిస్తే, సిగ్గుతో చచ్చిపోతూ ఒక్కసారి చెప్పాను. అంతే. మళ్లీ నా నోట ఆ పేరు రాలేదు. 'ఇగో' అన్న పిలుపు రోజుకు అన్నిసార్లు విని విని ఆయన చెవులకు అది గాలి చప్పుడుతో సమానమైపోయింది.

కొక్కేలన్నీ ఎక్కాయి. ఇక పైపు మిగిలింది. దాన్ని అడ్డంగా ఎత్తాలంటే కింద ఇంకో ఇద్దరు కావాలి. బాపు కొలతలన్నీ కళ్లతోనే చూసి తేల్చేశాడు. కింద మొదలు నేలకు తన్నిపెట్టి పైపును నిలువుగా లేపుతాడు. మా ఆయన పైనుంచి అందుకుని తన వైపు గుంజుకుని పైకప్పు మీద పడుకోబెడతాడు. టేకు దూలాలు గట్లనే ఎక్కించినం అన్నాడు. గమ్ము ఆరేదాకా కాసేపు ఆగుదామని మా ఆయన అంటే, "గంతల నువ్వు పోయి నీళ్లు తే బిడ్డా, బోరుకాడ తొట్టిల ఉంటయి. గొంతెండుకపోయింది" అని నన్ను పంపాడు.

నేను చెంబు పట్టుకుని తోటలో నుంచి నడిచాను. బత్తాయి ముళ్లు కొంగును పట్టుకుంటుంటే విడిపించుకుంటూ, చిన్నమ్మ కలుపు తీయించలేదని మనసులో తిట్టుకుంటూ పోతున్నాను. సగం దూరం పోయాక నీళ్ల చప్పుడు వినపడింది. తొట్టి దగ్గర ఎవరో బట్టలు జాడిస్తున్నారనుకున్నాను. తోట దాటి చూస్తే బోరు పోస్తోంది. లావుపాటి ధార తొట్టిలో పడి, పొంగి, కాలువలో పడి నాట్లు వేసిన మడికి పారుతోంది. అవతల చిన్నమ్మ చీర ఎగ్గట్టి పారతో గండి సరిచేస్తోంది.

నన్ను చూసి నడుం ఎత్తింది. "ఏందే బిడ్డా, ఎప్పుడొస్తిరి? బాపు గూడ వచ్చిండా?"

"వచ్చిండు. నీళ్లకొచ్చిన" అని కాలువలోకి దిగి ధార కింద చెంబు పెట్టాను. చల్లటి నీళ్లు. పాదాల మీద బురద చేరింది. చెంబు నిండుతుండగా నా కళ్లు ఎదుట బోరు గది గోడకున్న మోటరు డబ్బా మీద పడ్డాయి. దాని మీద చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది.

అప్పటికి గాని నా బుర్రకు అందలేదు. బోరు పోస్తోంది. నడి మధ్యాహ్నం.

"చిన్నమ్మా, కరెంటున్నదా?"

"ఉండకేంది? రాత్రీ పగలూ ఉంటనే ఉన్నది ఇప్పుడు. నీకెర్క లేదా?"

చెంబు ఎక్కడ పడేశానో నాకు తెలియదు. తోటలోకి పరుగెత్తాను. చిన్నమ్మ వెనక నుంచి ఏమైందే ఏమైందే అంటోంది. జవాబు చెప్పే ఊపిరి లేదు. ముళ్లు చేతులను గీరుతున్నాయి. తలెత్తి చూస్తే చెట్ల పైన పైపు కొస కనపడింది. మనుషులు కనపడటం లేదు. ఆ కొస ఒక్కటే, చెట్ల మీదుగా మెల్లగా పైకి లేస్తూ, అటూ ఇటూ ఊగుతూ. గమ్ము ఆరేదాకా ఆగుదామన్నారు కదా, ఎందుకాగలేదు? ఆగకుండా చేసింది బాపేనని నాకు తెలుసు. ఓపిక ఆ ఇంటా వంటా లేదు. పైపు కింద పట్టుకున్నది నన్ను కన్నవాడు. పైన అందుకునేది నేను కట్టుకున్నవాడు. ఆ కొస తీగకు తగిలితే ఇద్దరూ పోతారు. కాక పోయినట్టే పోతారు. పరుగెత్తుతూ అదే అనుకున్నాను, వేరే ఏమీ అనుకోలేదు.

తోట దాటి, బస్సు వెనక నుంచి తీగలున్న వైపుకు వచ్చాను. బాపు నాకు వీపు పెట్టి, పైపు మొదలును కాలితో తన్నిపట్టి రెండు చేతులతో పైకి నెడుతున్నాడు. పైపు దాదాపు నిట్టనిలువుగా లేచింది. మా ఆయన బస్సు అంచున ఒంగి దాన్ని అందుకున్నాడు, ఇంకా పట్టు చిక్కలేదు. పై కొస తీగల వైపు వాలుతోంది. మధ్యలో బెత్తెడు జాగా ఉందేమో.

అరవబోయి నోరు మూసుకున్నాను. అరిస్తే ఇద్దరూ ఉలిక్కిపడతారు, ఉలిక్కిపడితే పైపు కదులుతుంది. 'ఇగో' అంటే ఆయన 'ఆఁ' అంటాడు, తల తిప్పడు.

ఆయన పేరు పిలిచాను.

గట్టిగా కాదు. పక్కనున్న మనిషిని పిలిచినట్టు పిలిచాను. ఆయన చేతులు ఉన్నచోటే ఆగిపోయాయి. తల తిప్పి నన్ను చూశాడు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టే చూశాడు.

"కదలకు" అన్నాను. "తీగల కరెంటున్నది."

ఆయన కదలలేదు. కదిలింది బాపు. మెడ మాత్రం తిప్పి, పైపు మీద చేతులు తీయకుండా, "ఎవడు చెప్పిండే? నడి పగటీలి కరెంటేంది? బరువున్నది, జల్ది గుంజు అల్లుడా" అన్నాడు.

"బాపూ, ఉన్నది. నెట్టకు."

"లేదంటున్న గద. నాకెర్క లేని లైనా ఇది?" బాపుకు కోపం వచ్చింది. అల్లుడి ముందు, అది కూడా తన పొలంలో, తన మాట కాదనడం. "సూడు, తీగకు ఆనిచ్చి సూపియ్యాల్నా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన చూపించగలడు. అంతటి మొండి మనిషి. పైపును ఇంకొంచెం అటు నెడితే చాలు, మాట నెగ్గించుకోవడానికి. పైన మా ఆయన పైపును ఉన్నచోటే బిగపట్టుకుని ఉన్నాడు. మామను కాదని గట్టిగా లాగలేడు, వదలలేడు. నాకు అడుగు ముందుకు వేయాలన్నా భయం, వెనక్కి వేయాలన్నా భయం. మామూలుగా అయితే ఆ మాటకు నేను పది మాటలు అనేదాన్ని. ఆ రోజు నోట్లో ఉన్నది ఒక్క మాటే.

"బాపూ, బోరు పోస్తాంది."

బాపు నా మొహం చూశాడు. తర్వాత కిందికి చూశాడు. మోకాళ్ల దాకా తడిసిన నా చీర, పాదాలకు అంటిన పచ్చి బురద. ఆ పొలంలో ఆ వేళకు తడి కాళ్లతో వచ్చిన మనిషిని ఆయన జన్మలో చూసి ఉండడు. తోట వైపు తల తిప్పి వినడానికి ప్రయత్నం చేశాడు. విన్నాడో లేదో నాకు తెలియదు.

"అల్లుడా," అన్నాడు చాలా మెల్లగా, "నీ దిక్కు గుంజుకో. పైలం. నేనిగ నెట్టను."

మా ఆయన పైపును అంగుళం అంగుళం తన వైపు వంచుకున్నాడు. కొస తీగలకు దూరమైంది. బస్సు మీదికి వాలింది. మొదలు నేల విడిచి పైకి లేస్తుంటే బాపు దాన్ని రెండు అరచేతుల మీద ఎత్తి అందించాడు. పైపు పైకప్పు మీద పడుకుంది. రేకు చిన్నగా చప్పుడు చేసింది. అప్పుడు నేను బాట మధ్యలో కూలబడ్డాను.

మా ఆయన నిచ్చెన దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చేతులకు గమ్ము, మొహం నిండా చెమట. "నా పేరు పిలిచినవ్" అన్నాడు.

"పిలిస్తే పిలిచిన. అరిగిపోయిందా?" అన్నాను. అంటూనే ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని మా నాన్న ముందే ఏడ్చాను. బతికున్న మనిషి చెయ్యి అది, వేడిగా, బంకగా ఉంది. వదలబుద్ధి కాలేదు.

చిన్నమ్మ ఆయాసపడుతూ వచ్చింది. ఒక చేతిలో పార, ఇంకో చేతిలో నేను పడేసిన చెంబు. పైన పైపును చూసింది, పైన తీగలను చూసింది, నేల మీద కూర్చున్న మమ్మల్ని చూసింది. ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. చెంబు నా ముందు పెట్టి నీళ్లు తాగమంది.

బాపు అక్కడ లేడు. కొంచెం అవతల ఒడ్డు మీద కూర్చుని ఉన్నాడు, తీగలకు ఎదురుగా. మీసం మాట మాకందరికీ గుర్తుంది. ఎవరమూ ఎత్తలేదు.

మా ఆయన బండిని అక్కడి నుంచి తీసి, తోట దాటించి, పైన ఆకాశం తప్ప ఏమీ లేని బీడులో పెట్టాడు. ఈసారి పైపును నిలబెట్టలేదు. ఆయన పైన, నేను ఒక కొసన నిచ్చెన మీద, చిన్నమ్మ ఇంకో కొసన బస్సు మెట్టు మీద, పడుకోబెట్టిన పైపును పడుకున్నట్టే జరుపుతూ కొక్కేల్లో కూర్చోబెట్టాం. అది ఒక్కో కొక్కెంలో కూర్చున్న ప్రతిసారి మా ఆయన ఆగి పైకి చూసేవాడు. నేనూ చూసేదాన్ని. ఏమీ లేదని తెలిసినా చూసేవాళ్లం. తర్వాత తాట్‌పత్రి ముందుకు లాగి రెండు కర్రలు నిలబెట్టాం. నీలం రంగు నీడ నేల మీద పడింది.

చిన్నమ్మ ఆ నీడలో కూర్చుని కర్రకు తాడు కడుతోంది. నా గాజుల బండి చూరు కింద మొదట కూర్చున్న ఆడమనిషి ఆమే. ఆమె చేతులకు గాజులు లేవు. కాక పోయినప్పటి నుంచీ లేవు. ఇన్నేళ్లు గాజులమ్మి కూడా ఆ చేతుల వైపు నేను సరిగ్గా చూడలేదు, ఆ రోజు చూశాను. నా చేతులు కూడా అట్లా అయ్యేవి, పైపు ఇంకో బెత్తెడు అటు వాలి ఉంటే.

"బాపూ, నీడలకు రా" అని పిలిచాను.

రెండోసారి పిలిచాక లేచి వచ్చాడు. నీడలోకి వచ్చి, తల పైకెత్తి తాట్‌పత్రిని చూసి, చిన్నమ్మ ఉన్న వైపు కాకుండా ఇటు పక్క నా దగ్గర కూర్చున్నాడు. తమ్ముడి భార్య ఎదుట ఆయన ఎక్కువ మాట్లాడడు, ఆమె కూడా బావ ముందు నోరెత్తదు. కాక పోయాక ఆ ఇద్దరి మధ్య మాటలన్నీ అమ్మ ఉన్నన్నాళ్లు అమ్మ ద్వారా, ఆ తర్వాత నా ద్వారా నడిచాయి.

మా ఆయన టిఫిన్ డబ్బా తెరిచి మామ ముందు పెట్టాడు. "తిను మామా" అన్నాడు. కోపం లేదు ఆయన గొంతులో, ఉంటే బాగుండేదేమో. బాపు డబ్బా ముట్టుకోలేదు. దూరంగా కాలువలో నీళ్లు ఎండకు మెరుస్తుంటే వాటినే చూస్తున్నాడు. పట్టపగలు, మనిషి నడిచిపోయి, పొడి కాళ్లతో స్విచ్చు వేసి తెచ్చుకున్న నీళ్లు.

"బిడ్డా" అన్నాడు నాతో. "గీ కరెంటు అప్పుడే పగటీలి ఇచ్చి ఉంటే, వాడు రాత్రి పోయెటోడే గాదు గద."

బాపు కళ్లల్లో నుంచి నీళ్లు కారుతున్నాయి. కాక పోయిన రోజు రాని నీళ్లు.

చిన్నమ్మ తాడు ముడి బిగించింది. కొంగు సర్దుకుంది. మొదటిసారి నన్ను మధ్యలో పెట్టకుండా ఆయనతోనే మాట్లాడింది.

"పొద్దున మోటరు ఏసినప్పుడల్లా నేను గదే అనుకుంట బావా."

అని లేచి, మడి నిండి ఉంటుందని, బోరు బందు పెట్టడానికి తోట వైపు నడిచింది.